చేతిరాత బోర్డింగ్ పాస్‌తో ఒమాహా దాకా

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్

మన టైము ప్రకారం ఉదయం 9:40 ప్రాంతంలో క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఖాతాదారుల విండోస్ కంప్యూటర్లకి ఒక చిన్న ఫైలు పంపింది. గంటా ఇరవై నిమిషాల లోపే పొరపాటు గ్రహించి వెనక్కి తీసుకుంది. ఆలోపే దాన్ని అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపించి, ఆరిపోయి, మళ్లీ లేచి మళ్లీ నీలం తెర చూపిస్తూ కూలబడ్డాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అలాంటివి 85 లక్షలు. వాటిలో చాలావాటికి ఆఫీసులో కూర్చుని మందు వేయడం కుదరలేదు. ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ మనిషి వెళ్లి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. విమానాశ్రయాల్లో చెకిన్ కౌంటర్లు, డిస్‌ప్లే బోర్డులు, సిబ్బంది డ్యూటీల పట్టికలు అన్నీ ఇలాంటి కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయని ఆ రోజు దాకా ఎవరికి పట్టింది?

మాకు సాయంత్రం ఫ్లయిట్. నేనూ నాన్నా అమెరికాలోని ఒమాహాలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక దేశీ కంపెనీ, ఢిల్లీ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా చికాగోకి ఒక యూరప్ కంపెనీ, చికాగో నుంచి ఒమాహాకి ఒక అమెరికా కంపెనీ. పేర్లు రాయడం లేదు, ఇలాగే పిలుస్తాను. మూడూ కలిపి ఒకే టికెట్, ఒకే పీఎన్నార్. ఢిల్లీ దాకా విడిగా కొంటే కొంత కలిసొచ్చేది, కానీ నాన్న ఒప్పుకోలేదు. "రెండు టికెట్లయితే మధ్యలో నువ్వు ఎవడి ప్యాసింజరువీ కాదమ్మా" అన్నారు. ఆయన ఆర్టీసీ గుడివాడ డిపోలో చేరి, విజయవాడ బస్టాండులో వచ్చిపోయే బళ్లని సర్దే కంట్రోలర్‌గా రిటైరైన మనిషి. ఆయనకు విమానమైనా 'బండే'. ఆ ఒక్క మాట మా ప్రయాణం మొత్తాన్నీ కాపాడింది. ఒకే టికెట్ మీద ఉంటే, ముందు బండి ఆలస్యమై తర్వాతది తప్పిపోయినప్పుడు గమ్యం చేర్చే పూచీ కంపెనీలది. విడివిడిగా కొనుక్కుంటే ఆ పూచీ మనదే.

మధ్యాహ్నం టీవీలో కింద స్క్రోలింగ్ మొదలైంది. యాప్‌లో మాత్రం మా ఫ్లయిట్ 'ఆన్ టైమ్'. నాన్న ఎయిర్‌పోర్టుకి వెళ్లే ఆర్టీసీ పుష్పక్ బస్సు తప్ప ఎక్కనన్నారు, ముసురులోనే బయల్దేరాం. ఎయిర్‌పోర్టులో అడుగు పెట్టేసరికి దేశీ కంపెనీ కౌంటర్ల ముందు జనం వరసలు కాదు, గుంపులు. ఒక తెల్లబోర్డు మీద మార్కర్‌తో ఫ్లయిట్ నంబర్లు, గేట్లు రాస్తున్నారు. రాసిన కుర్రాడు పక్కకి తప్పుకోగానే నలుగురు ఫోన్లలో ఫొటో తీసుకుంటున్నారు.

కౌంటర్లో అమ్మాయి దగ్గర ప్రింట్ చేసిన ప్రయాణికుల జాబితా, స్కేలు, బాల్‌పెన్. పేరు వెతికి, గీత కొట్టి, బోర్డింగ్ పాస్ మీద పేరు, ఫ్లయిట్ నంబరు, సీటు చేత్తో రాసింది. నాన్న కళ్లజోడు సవరించుకుని ఆమె రాయడమే చూస్తున్నారు. "కండక్టరు వే బిల్లు రాసినట్టే రాస్తోంది. అంకెలు స్పష్టంగా ఉన్నాయి" అని మెచ్చుకున్నారు. ఆయన కాలంలో టికెట్ మిషన్లు పనిచేయకపోతే కండక్టర్లు పాత టికెట్ల ట్రే తీసి పంచ్ కొట్టేవాళ్లు. ఆ ట్రే డిపోలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేదట. ఇక్కడ ఆ ట్రే ఎవరూ దాచుకోలేదు, అయినా ఆ పిల్లలు అప్పటికప్పుడు కాయితం మీదకి దిగిపోయారు. ఆ విషయంలో దేశీ కంపెనీకి నిండా మార్కులు వేస్తాను.

వెయ్యనిది సమాచారం విషయంలో. యాప్ రాత్రి దాకా 'ఆన్ టైమ్' అనే చెప్పింది. గేటు దగ్గర ఒక్క ప్రకటనా లేదు. అడిగితే "పది నిమిషాల్లో మేడమ్". ఆ పది నిమిషాలు గంటలు దాటాయి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో, ఈ దూరానికి ఆలస్యం రెండు గంటలు దాటితే తినడానికీ తాగడానికీ ఇవ్వాలని ఉంది. అడక్కముందు ఎవరూ ఇవ్వలేదు. నేను అడిగాక ఒక బండి నిండా ఉప్మా కప్పులూ నీళ్ల సీసాలూ వచ్చాయి, అందరికీ పంచారు. అంటే లోపల పెట్టుకునే ఉన్నారన్నమాట.

మరో సంగతి. పెట్టెలకు కట్టిన ట్యాగులు కూడా చేతిరాతే. బార్‌కోడ్ లేదు. రెండు పెట్టెలకూ లోపల ఒక కాయితం, పైన ఒక కాయితం, రెంటి మీదా పేరు, ఒమాహా అడ్రసు, ఫోన్ నంబరు నాన్న ఇంటి దగ్గరే రాసి పెట్టారు. లగేజీ టాప్ మీద వేసిన మూటలకి అలా రాయించేవారట. నేను అప్పుడు నవ్వాను.

జులై 20, శనివారం. ఢిల్లీ, తర్వాత ఆమ్‌స్టర్‌డామ్

ఢిల్లీలో అర్ధరాత్రి దాటాక దిగాం. మూడు వారాల క్రితమే, జూన్ 28న, వానకి టెర్మినల్ 1 పైకప్పు కూలింది. అక్కడి దేశీ ఫ్లయిట్లన్నీ 2, 3 టెర్మినళ్లకి తెచ్చారు. దానికి ఈ కంప్యూటర్ల గోల తోడైంది. టెర్మినల్ 3లో కూర్చోడానికి నేల కూడా పోటీయే.

యూరప్ కంపెనీ దగ్గర నుంచి అప్పటికే మెసేజ్ వచ్చి ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రావాల్సిన విమానమే ఆలస్యంగా బయల్దేరింది, మిమ్మల్ని తెల్లవారాక తీసుకెళ్తాం, మీ చికాగో ఫ్లయిట్ అందదు, కొత్త బుకింగ్ చేస్తున్నాం, వివరాలు మీరు గాల్లో ఉండగానే వస్తాయి. ఇంతే. చేదు వార్తే, కానీ సాయంత్రం నుంచి మాకు ఎవరైనా చెప్పిన మొదటి నిజం అది. నాన్న మెసేజ్ రెండుసార్లు చదివించుకుని, చెప్పులు విడిచి, సంచి తల కింద పెట్టుకుని పడుకున్నారు. 'పది నిమిషాల్లో' అన్నప్పుడు రాని నిద్ర, 'తెల్లవారాక' అన్నప్పుడు వచ్చింది.

తెల్లవారుజామున ఫోన్లో వార్త: మూడు గంటల నుంచి విమానాశ్రయాల్లో ఎయిర్‌లైన్ల వ్యవస్థలు మామూలుగా పనిచేస్తున్నాయని పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు ప్రకటించారు. "మన శ్రీకాకుళం అబ్బాయే కదూ" అని కాస్త గర్వపడి, వెంటనే కంట్రోలర్ అయిపోయారు నాన్న. "కంప్యూటర్లు లేచాయి సరే. బళ్లెక్కడున్నాయి, డ్రైవర్లెక్కడున్నారు? అవి సర్దుకోడానికి ఇంకో మూడు రోజులు పడుతుంది చూడు."

ఆయన చెప్పినట్టే జరిగింది కాబట్టి ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను. విమానం ఒక ఊళ్లో ఆగిపోతే, అది ఆ రోజు తిరగాల్సిన మిగతా ఊళ్ల సర్వీసులన్నీ పోతాయి. పైలట్లకు, లోపలి సిబ్బందికి డ్యూటీ గంటల పరిమితి ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ఊరికే కూర్చున్నా ఆ గంటలు కరిగిపోతాయి. ఆర్టీసీలో దీన్నే 'స్ప్రెడ్ ఓవర్ అయిపోయింది' అంటారు. బండి ఉంటుంది, డ్రైవరుంటాడు, కానీ తోలడానికి వీల్లేదు. ఆ వారం అమెరికాలో డెల్టా సంస్థ సుమారు 7,000 ఫ్లయిట్లు రద్దు చేసింది. కంప్యూటర్లు బాగయ్యాక కూడా ఏ పైలట్ ఎక్కడున్నాడో లెక్కగట్టే వ్యవస్థ అందుకోలేకపోవడమే దానికి పెద్ద కారణం. అక్కడి రవాణా శాఖ దాని మీద విచారణ కూడా మొదలుపెట్టింది. మేమెక్కాల్సింది ఆ కంపెనీ విమానం కాదు, అయినా గాలి అందరికీ తగిలింది.

విమానంలో భోజనం గురించి రాయాలంటే రాయొచ్చు. కాళ్లు చాచుకునే జాగా లేదు, సినిమాలు బానే ఉన్నాయి, అన్నం పప్పు తినగలిగేలా ఉన్నాయి. శనివారం కాబట్టి నాన్న మాంసం ముట్టరు. ముందే శాకాహారం రాయించాను, వచ్చింది. అంతకంటే చెప్పేదేం లేదు. ఏ కంపెనీ ఎక్కినా ఈ విషయంలో పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. విమానయాన సంస్థల గురించి మనవాళ్లు గంటలు గంటలు మాట్లాడుకునేది మాత్రం ఈ గిన్నెల గురించీ దుప్పట్ల గురించే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగేసరికి కొత్త బుకింగ్ ఫోన్లో ఉంది: మర్నాడు మధ్యాహ్నం చికాగో. ట్రాన్స్‌ఫర్ డెస్క్ దగ్గర వరస పాములా తిరిగి తిరిగి ఉంది. వరసలోనే ఒకామె అందరికీ అచ్చేసిన కాయితాలు పంచుతోంది. యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 261వ నంబరు రెగ్యులేషన్ కింద మన హక్కులేమిటో అందులో ఉన్నాయి. అలా రాసివ్వడం కూడా ఆ చట్టం ప్రకారం కంపెనీ బాధ్యతే. ఆలస్యానికి కారణం ఎవరైనా సరే భోజనం, రాత్రికి బస, రెండు ఫోన్ కాల్స్ కంపెనీయే చూడాలి. కారణం కంపెనీ చేతిలోనిదైతే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం కూడా. 'అసాధారణ పరిస్థితి' అయితే పరిహారం ఉండదు, బస మాత్రం తప్పదు. నాన్న ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "బ్రేక్‌డౌన్ కావడం తప్పు కాదమ్మా. బ్రేక్‌డౌన్ అయ్యాక కండక్టరు కనపడకపోవడం తప్పు. వీళ్లు కనపడ్డారు."

అయితే కనపడ్డ కండక్టరుకి కూడా ఒక గోడ అడ్డొచ్చింది. డెస్క్‌లో అతను మా పాస్‌పోర్టులు తిరగేసి, యూరప్‌లో అడుగు పెట్టడానికి కావలసిన షెంగెన్ వీసా ఉందా అని అడిగాడు. లేదు. చికాగోకి పోయేవాళ్లం, ఎందుకుంటుంది? ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారడానికి భారతీయులకు వీసా అక్కర్లేదు, కానీ విమానాశ్రయం దాటి హోటల్‌కి వెళ్లాలంటే కావాలి. మా ముందున్న అమెరికా దంపతులు, మా వెనకున్న కొరియా కుర్రాడు బస్సెక్కి హోటల్‌కి వెళ్లిపోయారు. టెర్మినల్ లోపలే, ఇమిగ్రేషన్ దాటక్కర్లేకుండా రెండు హోటళ్లున్నాయి, మెర్క్యూర్, యోటెల్‌ఎయిర్ అని. రెండూ నిండిపోయాయి. అదే ఆలస్యం, అదే టికెట్, అదే చట్టం. పాస్‌పోర్టు రంగు మారితే పరుపు మడతమంచమైంది. ఇది కంపెనీ తప్పు కాదని నాకూ తెలుసు. కానీ ఇలాంటి దారిలో టికెట్ కొనేటప్పుడు మనవాళ్లు ఆలోచించాల్సిన సంగతి ఇదే. విమానం మారే ఊళ్లో ఇరుక్కుంటే మన పాస్‌పోర్టుతో బయటికి వెళ్లగలమా లేదా? తరచూ యూరప్ మీదుగా తిరిగేవాళ్లు చాలాసార్లు వచ్చిపోయే షెంగెన్ వీసా ఒకటి తీసి పెట్టుకుంటారట. ఖర్చు ఎక్కువే, కానీ నాన్నలాంటి మనిషి తోడుంటే దండగ కాదు.

మడతమంచాలు, దుప్పట్లు, టూత్‌బ్రష్ ఉన్న చిన్న సంచి ఇచ్చారు. భోజనం కూపన్లు ఇచ్చారు. శనివారం శాకాహారం అంటే చీజ్ శాండ్‌విచ్, బంగాళాదుంప వేపుడు, అరటిపండ్లు. అక్కడ మా పక్క మంచాల నిండా మన పిల్లలే. ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కి వెళ్తున్నవాళ్లు. ఖమ్మం, నల్గొండ, భీమవరం, అనంతపురం. చాలామందికి ఇదే మొదటి విమానం. ఒక్కొక్కరి భుజాన యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 ప్రవేశ కాయితాల ఫైలు, అది వదిలి బాత్రూమ్‌కి కూడా వెళ్లడం లేదు. ఖమ్మం అబ్బాయి ఒకడు ఇంటికి ఫోన్ చేసి "ఏం కాలేదమ్మా, హోటల్ ఇచ్చిండ్రు, మస్తుంది" అంటున్నాడు మడతమంచం మీద కూర్చుని. భీమవరం అమ్మాయి డబ్బా తీసి చలిమిడి పెట్టింది. నాన్న ముఖం అప్పుడు చూడాలి.

"తాతగారూ, రేపటి ఫ్లయిట్ కూడా క్యాన్సిలైతే మా వీసా ఏమైనా అవుతుందా?" అని అడిగాడొక పిల్లాడు. నాన్న నా వైపు చూశారు. విమానం ఆలస్యమైనంత మాత్రాన వీసా చెల్లకుండా పోదనీ, ఐ-20లో ఉన్న తేదీకి చేరలేకపోతే ముందుగా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి మెయిల్ పెట్టమనీ చెప్పాను. అరగంటలో అందరూ మెయిళ్లు కొట్టేశారు. వాళ్ల టికెట్లలో కొన్ని విడివిడిగా కొన్నవి. ఆమ్‌స్టర్‌డామ్ దాకా ఒక కంపెనీ, అక్కడి నుంచి ఇంకోటి, చవగ్గా వస్తుందని ఏజెంటు కట్టిచ్చినవి. ఆ పిల్లలకి కూపన్లు లేవు, కొత్త బుకింగూ లేదు. రెండో కంపెనీ వాళ్లు "మీరు రాలేదు" అని టికెట్ రద్దు చేశారు. అక్కడికక్కడ ఇంట్లోవాళ్లు కార్డు మీద లక్ష పైన పెట్టి కొత్త టికెట్ కొన్నారు. పేరున్న ఏజెంట్లే ఇలా కట్టిస్తున్నారు, తల్లిదండ్రులకు చెప్పకుండా. నాకు ఆ రాత్రి అసలు కోపం వచ్చింది వాళ్ల మీద.

యూరప్ కంపెనీని మెచ్చుకున్నాను కదా, ఒక్క చోట మాత్రం నిలువునా వదిలేశారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. నడవగలరు, కానీ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి కాదు. అందుకని వీల్‌చెయిర్ రాయించాం. విమానం తలుపు దగ్గర నుంచి ట్రాన్స్‌ఫర్ డెస్క్ దాకా తెచ్చిన మనిషి "ఇక్కడే ఉండండి, ఇంకొకరు వస్తారు" అని కుర్చీతో సహా వెళ్లిపోయాడు. ఇంకొకరు రాలేదు. కంపెనీవాళ్లని అడిగితే "అది విమానాశ్రయం పని" అన్నారు. విచారిస్తే నిజమే. యూరప్‌లో 2006లో వచ్చిన నిబంధన ప్రకారం ఈ సాయం విమానాశ్రయ యాజమాన్యం బాధ్యత. అమెరికాలో అదే పని విమాన కంపెనీది. మన దగ్గరా కంపెనీయే చూస్తుంది. అందుకే శంషాబాద్‌లో ఆ గందరగోళంలో కూడా వీల్‌చెయిర్ కుర్రాడు నాన్నని వదిలి కదల్లేదు. ఇక్కడ కంపెనీ, విమానాశ్రయం ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకునే ఖాళీలో నాన్న నిలబడాల్సి వచ్చింది. చివరికి అనంతపురం అబ్బాయి ఖాళీగా ఉన్న లగేజీ ట్రాలీ ఒకటి తోసుకొచ్చి "కూర్చోండి తాతా" అన్నాడు. కూర్చున్నారు కూడా.

జులై 21, ఆదివారం. చికాగో

బుకింగ్ మారినప్పుడు మనం రాయించుకున్న ప్రత్యేక భోజనం చాలాసార్లు కొత్త బుకింగ్‌లోకి రాదు. సీటు నంబరు, వీల్‌చెయిర్, భోజనం మూడూ మళ్లీ చెప్పుకోవాలి. పొద్దున్నే డెస్క్‌కి వెళ్లి చెప్పాను. వీల్‌చెయిర్ ఎక్కింది, భోజనానికి 24 గంటల ముందు చెప్పాలన్నారు. ఆదివారం కాబట్టి నాన్న కోడికూర తినేశారు. ఆయనకు చికెన్ నచ్చింది, నాకు శాండ్‌విచ్ మిగిలింది.

చికాగోలో ఓహేర్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అరగంటలో అయింది. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. బెల్టు మీద ఒక పెట్టె వచ్చింది. రెండోది రాలేదు. చేతిరాత ట్యాగు కదా, బార్‌కోడ్ లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో యంత్రం చదవలేక పక్కన పడేసి ఉంటుందని కౌంటర్లో ఆమె చెప్పింది. ఎయిర్‌పోర్టు దాటక ముందే ఫిర్యాదు రాయించి, నంబరున్న కాయితం తీసుకున్నాం. ఈ కాయితం లేకుండా బయటికి వస్తే తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టం. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, ఆలస్యంగా వచ్చిన పెట్టె గురించి అది చేతికందిన 21 రోజుల్లోపు, దెబ్బతిన్న పెట్టె గురించి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. నాన్న మందులు మా చేతి సంచిలో ఉన్నాయి. పోయిన పెట్టెలో తమ్ముడి ఆవకాయ, గోంగూర, కందిపొడి ఉన్నాయి. ఫోన్ చేసి చెబితే మా కంటే వాడే ఎక్కువ బాధపడ్డాడు.

దేశీ టెర్మినల్‌కి రైల్లో వచ్చి బోర్డు చూస్తే ఒమాహా ఎదురుగా ఎర్రటి అక్షరాలు. రద్దు. అమెరికా కంపెనీ యాప్ మాకేమీ చెప్పకుండా తనే కొత్త ఫ్లయిట్ వేసేసింది, మంగళవారం సాయంత్రానికి. ఫోన్ చేస్తే వెయిటింగ్ మూడు గంటలని రికార్డు గొంతు. కౌంటర్ దగ్గర వరస కంటికి ఆనినంత దూరం.

ఈ కంపెనీ వీల్‌చెయిర్ మనిషి మాత్రం నాన్నని ఒక్క నిమిషం వదల్లేదు. పెద్దాయన, నైజీరియా నుంచి వచ్చారట. వరస చూసి, మమ్మల్ని నేరుగా వృద్ధులకీ సాయం కావలసినవాళ్లకీ పెట్టిన చిన్న కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లారు. దానికి టిప్ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ, సంతోషంగా ఇచ్చాం.

కౌంటర్లో ఆమె మొదట అన్నది, "ఇది ప్రపంచవ్యాప్త సమస్య, మా చేతిలో లేదు, హోటల్ ఇవ్వలేం." అమెరికాలో యూరప్ లాంటి చట్టం లేదు. రద్దయితే, మనం వెళ్లకూడదనుకుంటే డబ్బు వెనక్కివ్వాలి, అంతే. హోటళ్లు, భోజనాలు కంపెనీలు తమకు తామే ఇచ్చిన హామీలు. ఆలస్యం కంపెనీ 'అదుపులో ఉన్న' కారణం వల్లయితేనే అవి వర్తిస్తాయి. ఏ కంపెనీ ఏ హామీ ఇచ్చిందో రవాణా శాఖ ఫ్లైట్‌రైట్స్ డాట్ గవ్ అనే సైటులో పట్టిక వేసి పెట్టింది. ఈ కంప్యూటర్ల గోలని 'అదుపులో ఉన్న' కారణం కిందే లెక్కేస్తామని అదే శాఖ శుక్రవారమే చెప్పింది. ఆ వార్తా, ఆ పట్టికలో వీళ్ల కంపెనీ వరసా ఆమెకి ఫోన్లో చూపించాను. వాదించలేదు. చదివింది, ఎవరికో ఫోన్ చేసింది, హోటల్ కూపను, భోజనం కూపన్లు, హోటల్ బస్సు ఎక్కడాగుతుందో రాసిన చీటీ ఇచ్చింది. అడగని వాళ్లకు ఇవ్వలేదు. మా పక్కన ఒక అమ్మ ఇద్దరు పిల్లలతో ఉంది. ఆమెకి కూడా అదే పేజీ చూపించాను, ఆమెకీ వచ్చాయి.

అక్కడితో అయిపోలేదు. మంగళవారం కంటే ముందు ఏదైనా ఉందా అని అడిగాను. కీబోర్డు మీద టకటకలాడించి, "డెమోయిన్ అయితే ఫరవాలేదా? రేపు పొద్దున్న రెండు సీట్లున్నాయి" అంది. డెమోయిన్ నుంచి ఒమాహాకి కారులో రెండు గంటలు. ఎవరినీ అడగలేదు, అదనంగా పైసా తీసుకోలేదు, ఊరు మార్చేసి టికెట్ చేతిలో పెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటిదే అడిగితే "సిస్టమ్ ఇచ్చింది ఇదే" అన్నారు. కౌంటర్లో కూర్చున్న మనిషికి ఇంత అధికారం ఉండడం నేను యూరప్‌లో చూడలేదు, మన దగ్గరా చూడలేదు. నాన్నకు తెలుగులో చెప్పగానే "ఏలూరు బండి లేదు, హనుమాన్ జంక్షన్‌లో దింపుతానంటోంది! ఈవిడ కంట్రోలరమ్మా" అన్నారు. కుర్చీలోంచి లేచి ఆమెకి నమస్కారం కూడా పెట్టారు. ఆమెకి అర్థమైందో లేదో గానీ, తనూ చేతులు జోడించింది.

హోటల్ ఊరి చివర, పాతది, ఏసీ గోల. నాన్న స్నానం చేసి మంచం మీద వాలిన రెండు నిమిషాలకి గురక.

జులై 22, సోమవారం. డెమోయిన్, ఒమాహా

చిన్న విమానం, గంటన్నర కూడా పట్టలేదు. డెమోయిన్‌లో తమ్ముడు తెల్లవారుజామునే లేచి వచ్చి నిలబడ్డాడు. ఐ-80 రోడ్డు మీద రెండు పక్కలా కనుచూపు మేర మొక్కజొన్న. నాన్న నిజామాబాద్ గురించి మాట్లాడుతూ కూర్చున్నారు.

ఆ తర్వాత

పెట్టె ఆ వారాంతానికి ఇంటికొచ్చింది. ట్యాగు చిరిగిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరో తెరిచి, లోపల నాన్న పెట్టిన కాయితం చూసి అడ్రసు కనిపెట్టారని కొరియర్ చీటీలో ఉంది. ఆవకాయ సీసా మూత కొంచెం కారింది, అంతే.

యూరప్ కంపెనీకి పరిహారం కోసం రాశాను. మా ప్రయాణం 3,500 కిలోమీటర్లు దాటింది కాబట్టి మనిషికి 600 యూరోలు అడిగాను. నెల తర్వాత మర్యాదగా, రెండు పేజీల్లో, ఇది అసాధారణ పరిస్థితి కాబట్టి కుదరదని జవాబిచ్చారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూపన్లు చాలక మేం కొనుక్కున్న తిండికి రసీదులు పంపితే మాత్రం ఆ డబ్బు ఖాతాలో వేశారు. పెట్టె ఆలస్యమైనందుకు కొన్న బట్టలకూ ఇచ్చారు, అదీ రసీదుల మీదే. కాబట్టి ప్రతి కాయితం దాచుకోండి. అమెరికా కంపెనీ అడక్కుండానే కొన్ని మైళ్లు ఖాతాలో వేసింది. వాటితో గుమ్మం కూడా దాటలేం, అయినా వేసింది. దేశీ కంపెనీ నుంచి వచ్చింది ఒక్కటే, సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమని మెసేజ్. నాన్న చాలాసేపు ఆలోచించారు. "ఆ రాసిన పిల్లకి పది. పది నిమిషాలన్నవాడికి సున్నా. రెండు గళ్లు లేవేంటి?" అని, చివరికి ఐదు నొక్కమన్నారు.

డిసెంబరులో తిరుగు ప్రయాణం. మళ్లీ ఆ యూరప్ కంపెనీలోనే చేయమన్నారు, ఈసారి కుర్చీ సంగతి విమానాశ్రయం వాళ్లకి కూడా విడిగా మెయిల్ పెట్టించారు. చికాగోలో ఆ కంట్రోలరమ్మ డ్యూటీ ఎప్పుడో కనుక్కోవడం కుదురుతుందా అని తమ్ముణ్ని అడిగారు. ఢిల్లీలో దిగాక ఏ ఫ్లయిట్ చేయమంటారని అడిగితే మాత్రం, "ఎందుకే, రాత్రికి తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఉందిగా, విజయవాడలో ఆగుతుంది. లోయర్ బెర్తు చూడు" అన్నారు.